చేపల ఆటలో సయామ గెలిచిన డబ్బు

బర్మాలో మిలిటరీ గద్దెనెక్కిన ఏడు నాకూ మా ఆయనకూ ఒకే నెలలో పని పోయింది. నేను యాంగోన్‌లో సేక్కాన్ రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు బిల్లులు టైపు చేశాను. ఆయన అదే రేవులో క్రేన్ మెకానిక్. ఆయన సమ్మెలో కూర్చున్నాడు. క్రేన్లు ఆగితే ఓడలు ఆగాయి. ఓడలు ఆగితే టైపు చెయ్యడానికి బిల్లులు లేవు. అంటే నా ఉద్యోగం తీసేసింది మా ఆయనే అని చెప్పుకోవచ్చు. ఆ మాట ఆయనతో రెండు మూడుసార్లు అన్నాను కూడా. ఆయన కాదనలేదు.

తాకేటా పేటలో మా ఇంటి ముందుగది కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీకి ఒక బల్ల చేర్చి నేను ఫోన్ వాలెట్ ఏజెంటునయ్యాను. ఎవరైనా నోట్లిస్తే అంత డబ్బు వాళ్ళు చెప్పిన ఫోన్‌కి పంపాలి. ఎవరైనా ఫోన్లో డబ్బు నాకు పంపితే నోట్లివ్వాలి. బ్యాంకులు వారానికి రెండు మూడు రోజులు అరతలుపు తెరిచేవి. టోకెన్ కోసం జనం గేటు ముందు చెప్పులు వరసలో వదిలి, ఎదురు అరుగు మీద కూర్చునేవారు. ఫోన్లో డబ్బుండి చేతిలో లేని మనుషులతో ఊరు నిండిపోయింది. మా తాతలు గంజాం నుంచి ఈ రేవుకి బస్తాలు మొయ్యడానికి వచ్చారు. మా వంశంలో కుర్చీలో కూర్చుని వ్యాపారం చేసిన మొదటి మనిషిని నేనే.

మా అత్తకి ఈ పని ఎప్పటికీ అర్థం కాలేదు.

“ఏటే, ఎవుల డబ్బో ఎవులికో ఇచ్చీసి, మద్దిని నీకేటి మిగుల్తాది?”

“నూటికి రెండు అత్తా.”

“దేనికి?”



మా పక్క సందులో మేడ మీద గదిలో ఒక టీచరు అద్దెకుండేది. ఊళ్ళో అందరూ సయామ అనేవారు. బర్మావాళ్ళు ఆడ టీచర్ని అలాగే పిలుస్తారు. యాభై ఏడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. సర్కారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పింది. మిలిటరీ కింద పాఠం చెప్పనని బడికి పోవడం మానేసింది. జీతం ఆగింది. బడివాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చేయించారు. సమ్మె చేసినవాళ్ళ జాబితాలో పేరుంది కాబట్టి బ్యాంకు ఖాతా కూడా మూసేశారు. అందుకే ప్రతి సోమవారం నా కిటికీ దగ్గరకొచ్చి, గొడుగు మడిచి, కొన్ని నోట్లిచ్చి, ఒక నంబరు చెప్పేది. నేను నా వాలెట్ నుంచి ఆ నంబరుకి పంపేదాన్ని. నంబరు వారం వారం మారేది.

ఆ రోజుల్లో అలా మారే నంబర్లకి డబ్బేసేవాళ్ళు చాలామంది ఉండేవారు. మిలిటరీ మీద తిరగబడి అడవులకి పోయిన పిల్లలకి చందాలు. ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ చెప్పేవారు కాదు. ఒక సోమవారం నేనే గొంతు తగ్గించి అన్నాను. ఆమెతో నేను మాట్లాడేది బర్మా భాషలోనే.

“జాగ్రత్త సయామ. అలాంటివాటికి పంపిన ఖాతాలు పట్టుకుంటున్నారట.”

“ఎలాంటివాటికి?”

“అదే... పిల్లలకి.”

“ఇది పిల్లలకి కాదు తమీ. చేపలకి.”

తమీ అంటే కూతురా అని. నాకప్పుడు నలభై ఆరు.

ఫోన్ చూపించింది. నీలం రంగు నీళ్ళు, అందులో ఈదే చేపలు, అడుగున ఒక ఫిరంగి. డబ్బేస్తే గుళ్ళొస్తాయి. గుళ్ళతో చేపల్ని కొట్టాలి. చేప చస్తే దాని రేటు ప్రకారం డబ్బొస్తుంది. పెద్ద చేప అంత సులువుగా చావదు. కంపెనీ ఏ దేశంలో ఉందో ఎవరికీ తెలీదు.

“మీరు లెక్కల టీచరు కదా,” అన్నాను.

“అందుకే ఇందులో గెలవరని తెలుసు. ఎంత వేసినా చివరికి తగ్గే మిగులుతుంది. తగ్గినదాన్ని నేను గంటకి కిరాయి అనుకుంటాను. ఆ గంటలో నాకు బడి గుర్తురాదు.”

ఆ రోజునుంచి నా కిటికీ దగ్గరకొచ్చే మనుషుల్ని కొంచెం పరీక్షగా చూశాను. సగంమంది చేపలకే వస్తున్నారు. కూరలమ్మే ఆవిడ, పని పోయిన టాక్సీవాడు, మా ఆయనతో సమ్మెలో కూర్చున్న ఇద్దరు. నూటికి రెండు నాకూ వస్తోంది కాబట్టి ఆ విషయం మీద నేను అభిప్రాయం ఏమీ పెట్టుకోలేదు.

వానలు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం సయామ గొడుగు లేకుండా వచ్చింది. సోమవారం కూడా కాదు. తడిసిన చేత్తో ఫోన్ బల్ల మీద పెట్టింది. పెద్ద చేప చచ్చింది. వచ్చిన డబ్బు ఆమె జీతం లెక్కన మూడేళ్ళది. ఆమె మొహంలో సంతోషం కనబడలేదు. మొద్దబ్బాయికి నూటికి నూరు మార్కులొస్తే టీచరు ఎలా చూస్తుందో ఫోన్ వంక అలా చూస్తోంది.

“ఇస్తారంటావా?” అంది.

కంపెనీవాళ్ళకి రాయడానికి ఆటలోనే ఒక కిటికీ ఉంది. రాస్తే వెంటనే జవాబొచ్చింది, మంచి మర్యాదైన బర్మా భాషలో. ప్రియమైన విజేతా, ఇంత మొత్తం మీ దేశంలో వాలెట్‌కి పంపలేము, బయటి దేశంలో బ్యాంకు ఖాతా ఇవ్వండి అని. నిజానికి నా వాలెట్‌కి పంపుతామన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు. అంత డబ్బు ఒక్కసారి వస్తే మర్నాడు గుమ్మంలో మిలిటరీ లారీ ఆగుతుంది.

“మీ తమ్ముడు థాయిలాండ్‌లో ఉన్నాడు కదా,” అంది సయామ.

ఉన్నాడు. సముద్రం పక్క ఒక ఊళ్ళో చేపలు డబ్బాల్లోకెక్కించే ఫ్యాక్టరీలో పని. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అప్పా అంటాడు, అక్కా అని. ఫోన్ చేశాను.

“ఏటీ అవదప్పా,” అన్నాడు. “నా కాతాలో ఏటున్నాది? ఎనిమిది నెలల జీతం ఒంటిగా కూసున్నాది. తోడొస్తాదిలే.”

ఖాతా నంబరు సయామ ఫోన్లోనే కంపెనీ కిటికీలో రాశాను. “అందింది, ధన్యవాదాలు,” అని వచ్చింది. తర్వాత కాసేపటికి, అడగకుండానే, ఇంకో ముక్క వచ్చింది. “అక్కా, యాంగోన్‌లో వాన పడుతోందా?”

పడుతోంది అని రాశాను. అవతల ఎవరో ఏదో టైపు చేస్తున్నట్టు చాలాసేపు చుక్కలు కదిలాయి. చివరికి, “మీకు ఇంకేమైనా సహాయం కావాలా?” అని వచ్చింది. అక్కర్లేదు అన్నాను. సరిహద్దులో పెద్ద గోడల మధ్య మనవాళ్ళని కూర్చోబెట్టి ఇలాంటి పనులు చేయిస్తారని, బయటికి పోనివ్వరని అప్పటికి విని ఉన్నాను. విన్నదాన్ని ఆ చుక్కలకి ముడిపెట్టలేదు.

డబ్బు మర్నాడే వచ్చింది. తమ్ముడు బ్యాంకు కాగితం ఫోటో పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

“అప్పా, ఒక్కపాలి రానేదు. పదమూడు ముక్కలుగా వొచ్చింది. పదమూడు మంది పేర్లున్నాయి. ఈళ్ళందరూ ఎవులు?”

“కంపెనీవాళ్ళేమోరా.”

“కంపెనీకి ఒక కాతా ఉండదేటి?”

“నాకేటి తెలుసురా?”

నాకు తెలుసు. పద్దెనిమిదేళ్ళు రేవు బిల్లులు టైపు చేసిన మనిషిని. ఒకే సరుకు పదమూడు పేర్ల మీద దిగితే ఆఫీసులో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని టీకి పోయేవారు. నేనూ టీకి పోయిన బాపతే. డబ్బొచ్చిందని సయామకి చెప్పాను, ముక్కల సంగతి చెప్పలేదు.

నాలుగో రోజు తమ్ముడి కార్డు పనిచెయ్యలేదు. బ్యాంకుకి పోతే ఖాతా బిగించేశామని, పోలీసు స్టేషన్‌కి వెళ్ళమన్నారు. ఆ మాట చెబుతుండగానే లైను తెగింది. మళ్ళీ చేస్తే కలవలేదు. ఆ రోజే ఇక్కడ మొబైల్ నెట్ కోసేశారు. రెండు రోజులు ఏమీ తెలీలేదు. రాత్రి ఎనిమిది కొట్టగానే వీధంతా గిన్నెలు కొట్టేవారు, మిలిటరీ మీద నిరసనగా. ఆ రెండు రోజులూ నేను ఎంత గట్టిగా కొట్టానంటే అన్నం గిన్నె మూతకి సొట్టపడింది. “బాగుంది,” అన్నాడు మా ఆయన, నాకు ఉద్యమం మీద శ్రద్ధ పెరిగిందనుకుని. తమ్ముడి సంగతి ఆయనకింకా చెప్పలేదు.

మూడో రోజు వైఫై ఉన్న ఒక ఇంటికిపోయి తమ్ముడితో మాట్లాడాను. స్టేషన్లో తెలిసింది చెప్పాడు.

వాడుండే ఊరి పక్క ఊళ్ళో ఒక పెద్దావిడ, అరవై మూడేళ్ళు. నూడుల్స్ బండి నడిపేది. మోకాళ్ళు పోయి బండి అమ్మేసి డబ్బు బ్యాంకులో వేసుకుంది. బ్యాంకువాళ్ళమని ఎవరో ఫోన్ చేసి, ఏవో అంకెలు నొక్కించి, మొత్తం లాగేశారు. ఆ డబ్బు నాలుగు ఖాతాలు మారి అందులో ఒక ముక్క మా తమ్ముడి దగ్గరికొచ్చి ఆగింది. పదమూడింటిలో ఏడోది.

“నాను దొంగనన్నారప్పా,” అన్నాడు. “మూడు గంటలు కూసోబెట్టినారు. ఎవులు పంపినారని అడిగితే, మా అప్పకి తెలిసిన పంతులమ్మ చేపల్ని కాల్సి గెలిసిందని సెప్పినాను. ఆ పోలీసు నవ్వనేదు. రాసుకున్నాడు.”

ఆ ముక్క వెనక్కిచ్చి సంతకం పెడితే కేసు లేకుండా చూస్తామన్నారట. ఖాతా మాత్రం విచారణ అయ్యేదాకా తెరవరు. అందులో వాడి ఎనిమిది నెలల జీతం కూడా ఉంది.

నేను సయామ గదికి మెట్లెక్కాను. ఆమె ఇక్కడి ఆడ టీచర్లంతా బడికి కట్టుకునే ఆకుపచ్చ లుంగీని నేల మీద పరిచి ఇస్త్రీ చేస్తోంది. ఆ లుంగీ ఎక్కడికి కట్టుకుపోతుందో తెలీదు. ఇస్త్రీ మాత్రం కరెంటున్న ప్రతిరోజూ చేసేది. జరిగింది చెప్పాను. ఈసారి పదమూడు ముక్కల సంగతి కూడా చెప్పాను. ఆమె ఇస్త్రీపెట్టె తీసి పక్కన నిలబెట్టింది.

“ఆవిడది మొత్తం వెనక్కిచ్చేయమను. ఈరోజే.”

“ఇచ్చేస్తాడు.”

“మిగతా పన్నెండు ఎవరివి?”

“తెలీదు సయామ.”

“తెలీదు అనకు. అడగలేదు అను.”

నాకు ముప్పై ఏళ్ళ తర్వాత బెంచీ ఎక్కినట్టయింది. తల దించుకున్నాను. ఆమె కూడా తల దించుకునే ఉందని కాసేపటికి చూశాను.

“నేనూ అడగలేదు,” అంది. “ఆడి ఓడినవాళ్ళ డబ్బు గెలిచాననుకున్నాను. వాళ్ళూ నాలాగే తెలిసి ఓడుంటారు, పరవాలేదనుకున్నాను. నూడుల్స్ అమ్ముకునే మనిషి ఏ ఆట ఆడింది?”

మిగతా పన్నెండు ముక్కలు ఎవరివో కూడా కనుక్కోమని పోలీసుతో చెప్పమంది. తమ్ముడు వెళ్ళి చెప్పాడు. దుబాసీ రెండుసార్లు అడిగి మరీ అనువదించాడట, తప్పు విన్నానేమోనని. ఆ పోలీసు పుస్తకాలు తిరగేసి, వాటి మీద ఫిర్యాదులేవీ లేవన్నాడు. ఫిర్యాదు లేకపోతే నా దృష్టిలో అది ఉత్త డబ్బు అన్నాడు.

సయామ ఫోన్లో కంపెనీ కిటికీలో నేనూ రాశాను. మీరు పంపినదాంట్లో దొంగడబ్బుంది అని. “మీ అభిప్రాయానికి ధన్యవాదాలు,” అని వచ్చింది. అరగంటకి సయామ ఆట ఖాతా మూసేశారు. వాన గురించి అడిగినవాళ్ళే మూశారో వేరేవాళ్ళో తెలీదు.

ఏడో ముక్క తిరిగిచ్చే రోజు ఆ పెద్దావిడ కూడా స్టేషన్‌కొచ్చింది. కర్ర పట్టుకుని, కోడలితో. ఆ సంగతి తమ్ముడు చాలా రోజులకి గాని చెప్పలేదు.

“ఆవిడ నాకే దండం ఎట్టిందప్పా. మంచోడివి, నా డబ్బు తిరిగి తెచ్చినావు అన్నాదంట. దుబాసీ సెప్పినాడు. నాను ఏటనాలి?”

“ఏటన్నావు?”

“నానూ దండం ఎట్టినాను.”

ఖాతా తెరవడానికి పది వారాలు పట్టింది. కొత్త జీతం కూడా ఆ ఖాతాలోకే పోయేది కాబట్టి ఆ పది వారాలు తమ్ముడు తోటివాళ్ళ దగ్గర చేబదుళ్ళు తెచ్చుకుని, క్యాంటీన్‌లో రోజుకి ఒక పూటే అన్నం తిన్నాడు. స్టేషన్ చుట్టూ తిరగడంలో నాలుగు షిఫ్టులు పోయాయి. డబ్బాలకి మూతలు బిగించే చోటునుంచి తీసి చేపల కడుపులు కోసే బల్లకి మార్చారు. అక్కడ చేతులు ఎప్పుడూ చల్లగా ఉంటాయట. ఈ నష్టంలో నాకెంత పాలుందో లెక్క తేల్చుకోవడానికి ప్రయత్నించాను. ప్రతిసారీ వేరే జవాబొచ్చింది.

ఖాతా తెరిచాక పన్నెండు ముక్కలూ ఇక్కడికి రావాలి. మాకు తెలిసిన దారి హుండీ ఒక్కటే. అక్కడ ఒక బట్టలకొట్టులో తమ్ముడు డబ్బిస్తే, ఇక్కడ లత అనే పేటలో ఒక ఎండురొయ్యల కొట్టులో మాకిస్తారు. డబ్బు ఎక్కడా సరిహద్దు దాటదు. ఇంట్లో ఈ మాట నడుస్తుంటే మా అత్త చెవిన పడింది.

“హుండీలో ఏసినాడా? ఏ గుడి?”

“గుడి కాదత్తా. కొట్టు.”

“కొట్టుకి హుండీ ఏటే?” అని, కాసేపు ఆలోచించి, “ఎక్కడేసినా పున్నెమేలే,” అంది.

లతకి నేనూ సయామా కలిసే వెళ్ళాం. ఆమె ఆ ఆకుపచ్చ లుంగీ కట్టుకొచ్చింది. నేను వద్దన్నాను, ఆ లుంగీ చూస్తే మిలిటరీవాళ్ళు ఆపుతారు. “లేకపోతే కూడా ఆపుతారు,” అంది. కొట్టువాడు మా మొహాలు చూడకుండా, రొయ్యలు తూచే చేత్తోనే కట్టలు తీసిచ్చాడు. సయామ చేతిసంచీలో పాత నోటుపుస్తకాలున్నాయి, పిల్లలవి, దిద్దనివి. సమ్మెకి ముందు ఇంటికి తెచ్చుకుందట. కట్టలు అడుగున పెట్టి పుస్తకాలు పైన సర్దింది. సంచీ ఎండురొయ్యల వాసనేసింది.

తాకేటా వంతెన ముందు టాక్సీ ఆపారు. ఒక సిపాయి నా ఫోన్ చూసి ఇచ్చేశాడు. సయామ ఫోన్ తీసుకుని వేలితో ఒకటే జరుపుతున్నాడు. ఇంకో సిపాయి కిటికీలోంచి తుపాకీ కొసతో సంచీ నోరు తెరిచి చూశాడు. పైనున్న పుస్తకం అట్ట మీద ఎవరో పిల్లాడు వేసిన ఏనుగు బొమ్మ కనబడింది. 

ఫోన్ చూస్తున్న సిపాయి ఆగాడు. ఆమె ఫోన్లో అన్నీ తీసేసింది, వార్తలు, ఫోటోలు, నంబర్లు. ఖాతా మూసేసినా చేపల ఆట మాత్రం తియ్యలేదు.

“ఇది ఆడతావా?” అన్నాడు.

“ఆడేదాన్ని.”

“ఎంత గెలిచావు?”

డబ్బు ఆమె కాళ్ళ మధ్య ఉంది. సయామ అతని వంక చూసి, “గెలిచినట్టు కనబడింది,” అంది. “తర్వాత లెక్క చూస్తే కాదు.”

“నాకు జీతం రాగానే పోతోంది,” అన్నాడు అతను, టాక్సీవాడికీ నాకూ కూడా చెబుతున్నట్టు. “పెద్ద చేపని ఎలా కొట్టాలి?”

“కొట్టలేవు. ఆ లెక్క అలాగే కట్టారు. ఎంత ఆడితే అంత తగ్గుతుంది. ఆడకుండా ఉంటే ఉన్నది ఉంటుంది.”

“సరే సయామ,” అన్నాడు.

టీచరునని ఆమె చెప్పలేదు. లుంగీ చూసి అన్నాడో, గొంతు విని అన్నాడో. ఫోన్ రెండు చేతులతో తిరిగిచ్చాడు. టాక్సీ వంతెన ఎక్కాక ఆమె చేయి నా చేతి మీద పడింది. 

“ముప్పై ఏళ్ళలో,” అంది, “ఒక్కసారి చెప్పగానే సరే అన్నవాడు లేడు.”

తర్వాత వంతెన దిగేదాకా ఏడ్చింది. నేను కిటికీలోంచి కాలవ చూశాను.

ఇంటికొచ్చాక సయామ మొట్టమొదట మా తమ్ముడి పది వారాలు, నాలుగు షిఫ్టులు లెక్కకట్టి పక్కన పెట్టింది. వాడు వద్దన్నాడు. ఆమె విన్లేదు. మిగిలింది ఏం చేసిందని వీధిలో చాలామంది నన్నడిగారు. దానం చేసిందనీ, అడవికి పంపిందనీ, మళ్ళీ చేపలకే పెట్టిందనీ చెప్పుకున్నారు. ఆమె బియ్యం కొనుక్కుంది. గది అద్దె కట్టింది. కళ్ళకి ఆపరేషన్ చేయించుకుంది. జీతం లేని మనిషి కదా. రెండేళ్ళు వచ్చింది ఆ డబ్బు.

“తింటున్నప్పుడల్లా ఇది ఎవరిదో అనుకుంటాను,” అంది ఒకసారి.

“ఎలా ఉంటుంది?” అన్నాను.

“ఆకలి తీరుతుంది.”

నేను చేపలకి డబ్బు పంపడం మానేశాను. ఎవరైనా మారే నంబరు చెబితే, ఎవరికని అడగడం మొదలుపెట్టాను. అడిగితే సగంమంది పక్క వీధి ఏజెంటు దగ్గరికి పోయారు. మిగతా సగంలో అబద్ధం చెప్పేవాళ్ళున్నారని నాకు తెలుసు. మా ఆయన ఒక గ్యారేజీలో చేరాడు. జరిగిందంతా ఆయనకి చాలా ఆలస్యంగా, ఒక ఆదివారం అన్నాలప్పుడు చెప్పాను. ఆయన విని, “నన్ను అడగాల్సింది,” అని, పప్పు వడ్డించుకున్నాడు.

తమ్ముడు ఆ ఫ్యాక్టరీ మానేశాడు. ఇప్పుడున్నది చిన్నది. నెలాఖర్న జీతం కవర్లో పెట్టి చేతికిస్తారు. బ్యాంకులో వెయ్యమంటావా అని మేనేజరు అడిగాడట.

“ఏటన్నావురా?” అన్నాను.

“కవరే బాగున్నాదన్నాను.”